దైవం వాటా ఎంత?

హైదరాబాద్ శివార్లలోని తెల్లాపూర్‌లో ఫ్లాట్ కొనేవాళ్లు సంతకం పెట్టే ఒప్పందంలో ఒక నిబంధన తప్పకుండా ఉంటుంది. బిల్డరు చేతిలో లేని కారణాల వల్ల పని ఆగిపోతే అప్పగింత గడువు జరుపుకోవచ్చని దాని సారాంశం. ఆ కారణాలేమిటో 2016 నాటి రెరా చట్టం ఆరో సెక్షన్ పేరుపేరునా చెప్పింది: యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, ప్రకృతి తెచ్చిపెట్టే మరే విపత్తయినా. దేవుడి పేరు అందులో లేదు. కోర్టు వాదనల్లో, బీమా కాగితాల్లో మాత్రం పాత ఇంగ్లిష్ చట్టం నుంచి వచ్చిన ‘యాక్ట్ ఆఫ్ గాడ్’ అనే మాట ఇంకా బతికే ఉంది. 2020 ఆగస్టు 27న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ నోట కూడా అదే మాట వచ్చింది. రాష్ట్రాలు తమకు రావలసిన జీఎస్టీ పరిహారం ఏదని అడుగుతున్న రోజులవి. కరోనా దేవుడి చర్య అని, వసూళ్లు పడిపోవడానికి అదే కారణమని ఆమె చెప్పారు. మన దేశంలో దేవుడు ఖాతా పుస్తకాల్లోకి వచ్చేది ఇలాగే, ఎవరో ఒకరు ఇంకొకరికి బాకీ పడ్డప్పుడు.

దీన్నిబట్టి నమ్మకాన్ని మొత్తంగా వెక్కిరించడం తేలిక. అది సరైన పని కాదు. తెల్లాపూర్, కొల్లూరు, ఉస్మాన్‌నగర్ టవర్లలో గృహప్రవేశాలు ఎలా జరుగుతాయో చూసినవారికి ఆ సంగతి తెలుసు. ఆషాఢంలో పాలు పొంగించరు. మూఢంలో తాళాలు తీసుకోరు. తూర్పు గుమ్మానికి ఎక్కువ ధర పెట్టడానికీ వెనకాడరు. ఆ మనుషులే బ్యాంకు అప్పు కాగితాలను అక్షరం అక్షరం చదివిస్తారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా అని నిలదీస్తారు, లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ల వెనక్కి తవ్విస్తారు. ముహూర్తం బాగుంది కాబట్టి టైటిల్ చూడక్కర్లేదని అన్న భక్తుడు ఇంకా పుట్టలేదు. రుద్రారం గణేశ్‌గడ్డ గుడి దగ్గర కొత్త బండికి పూజ చేయించుకున్న మనిషి నిమ్మకాయలు తొక్కించి బయల్దేరుతాడు, అంతమాత్రాన బ్రేకులు తీసేయడు. విధి, ప్రయత్నం కలిసి ఉండగలవా అని పండితులు వందల ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. ముంబై రహదారి మీద లారీ నడిపేవాడికి అదొక సమస్యగానే తోచదు.

సమస్య ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే తెల్లాపూర్ నుంచి పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న పాశమైలారం వెళ్లాలి.

2025 జూన్ 30, సోమవారం. పొద్దున తొమ్మిది దాటాక సిగాచీ ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి, ఉత్పత్తి జరిగే భవనం కుప్పకూలింది. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. కలప గుజ్జు నుంచి తీసే ఈ తెల్లటి పొడిని మందుబిళ్లల్లో మందుకు తోడుగా, బిళ్ల గట్టిగా నిలబడటానికి కలుపుతారు. పొద్దున్నే వేసుకునే బీపీ బిళ్లలోనూ అది ఉండవచ్చు. చనిపోయినవారిలో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, తెలుగువాళ్లూ ఉన్నారు. గుర్తుపట్టలేని దేహాలకు డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మృతుల లెక్క 46 దగ్గర ఆగింది. మరో 8 మంది ఆనవాలు కూడా దొరకలేదు. అంటే 54 ప్రాణాలు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ పుట్టాక ఇంత పెద్ద ప్రమాదం ఇంకొకటి లేదు.

ఆసుపత్రి గేటు దగ్గర ఇలాంటి రోజున వినబడే మాటలు పటాన్‌చెరులో అందరికీ తెలిసినవే. గాచారం బాగలేదంటారు. దేవుడు ఎట్ల రాస్తే అట్లయితదంటారు. చర్చికి వెళ్లే కుటుంబమైతే ప్రభువు చిత్తమంటుంది, మసీదుకు వెళ్లే కుటుంబం తఖ్దీర్ అంటుంది. భాష మారినా వాటి పని ఒకటే. ఆ క్షణంలో మనిషి కూలిపోకుండా అవి పట్టుకుంటాయి. వాటిని అప్పుడు తర్కంతో తూచేవాడికి తర్కమూ తెలియదు, దుఃఖమూ తెలియదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి తన ప్రశ్నకు అర్థం వెతుక్కుంటోంది తప్ప పేలుడుకు కారణం చెప్పడం లేదు.

అదే మాటను ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో నుంచి అంటే? 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో వేలాడే వంతెన తెగి 135 మంది చనిపోయారు. దాన్ని మరమ్మతు చేసి తెరిచిన ఒరేవా కంపెనీ మేనేజర్లలో ఒకరు కోర్టు ముందు ఇది భగవంతుడి ఇచ్ఛ అని చెప్పుకున్నారు. ఆ తల్లి మాటకూ ఈ మేనేజరు మాటకూ మధ్య అక్షరాల తేడా పెద్దగా లేదు. కానీ ఒకరు తన నష్టాన్ని దేవుడికి అప్పజెప్పుకుంటున్నారు, రెండోవారు తన లెక్కను దేవుడి మీదికి తోసేస్తున్నారు. మత విశ్వాసం హేతుబద్ధమా కాదా అన్న చర్చలో మనవాళ్లు ఎప్పుడూ ఏమన్నారన్నదే చూస్తారు. ఎవరన్నారు, అని ఏం తప్పించుకున్నారు అన్నది అడగరు.

పొడి ఎందుకు పేలుతుందో ఇంజనీర్లకు బాగా తెలుసు. ఐదు కలవాలి: మండగల సన్నటి పొడి, గాలిలోని ఆక్సిజన్, ఒక నిప్పురవ్వ, పొడి గాల్లోకి మేఘంలా లేవడం, అది ఒక మూసిన చోట చిక్కుకోవడం. ఏ ఒక్కటి తప్పినా పేలుడు ఉండదు. సెల్యులోజే కావాలని లేదు, పిండి పేలుతుంది, పంచదార కూడా పేలుతుంది. 2008 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీలో పేరుకుపోయిన పంచదార దుమ్ము అంటుకుని 14 మంది చనిపోయారు. ఊడ్చి శుభ్రం చేసి ఉంటే, దుమ్మును లాగే ఏర్పాటు సరిగ్గా ఉంటే అది జరిగేది కాదని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. పాశమైలారం ఘటన మీద రాష్ట్ర ప్రభుత్వం నిపుణుల కమిటీని వేసింది, పోలీసు కేసు నమోదైంది, వ్యవహారం హైకోర్టుకూ చేరింది. తప్పు ఎవరిదో, ఎంతో తేల్చాల్సింది ఆ చోట్లలోనే. అయితే మృతుల్లో ఒకరి కొడుకు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు అప్పుడే పత్రికల్లో వచ్చింది. యంత్రాలు పాతబడ్డాయని తన తండ్రి చెప్పినా యాజమాన్యం పట్టించుకోలేదన్నది ఆ ఆరోపణ. అది నిజమైతే ఆ ఐదింటిలో కొన్నిటి గురించి ముందే చెప్పినవాళ్లున్నారని అర్థం.

ఐదు అనగానే చదువుకున్న భక్తుడికి ఇంకో ఐదు గుర్తురావాలి. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, చివరగా దైవం. లెక్క కలవడం యాదృచ్ఛికమే. అక్కడ గీత ఉద్దేశం కూడా వేరు. అంతా నేనే చేశానన్న అహంకారాన్ని తగ్గించడానికి చెప్పిన మాట అది. అయినా ఒకటి గమనించకుండా ఉండలేం. దైవాన్ని ఐదోదిగా పెట్టిన ఆ గ్రంథం మిగతా నాలుగింటినీ కొట్టేయలేదు. చోటు, మనిషి, పనిముట్లు, పని జరిగే తీరు అన్నీ ఉన్నాక దైవం. ఫ్యాక్టరీ తనిఖీకి వచ్చిన అధికారి చూడవలసినవీ ఆ నాలుగే.

మహాభారతం అనుశాసన పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ని సూటిగా అడుగుతాడు, దైవం గొప్పదా పురుషకారం గొప్పదా అని. భీష్ముడు వినిపించే సమాధానంలో దైవం విత్తనం, మనిషి ప్రయత్నం పొలం. దున్నని నేలలో పడ్డ విత్తనం ఏమవుతుందో సంగారెడ్డి జిల్లా రైతుకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ప్రవక్త బోధగా ముస్లింలు చెప్పుకునే ప్రసిద్ధమైన ఉదంతంలోనూ ముందు ఒంటెను కట్టెయ్యమనే ఉంది, అల్లా మీద భారం వేయడం ఆ తర్వాతే. సంగారెడ్డికి దగ్గర్లోని కొండాపూర్‌లో తవ్వకాల్లో శాతవాహనుల కాలం నాటి నాణేలతో పాటు బౌద్ధ అవశేషాలూ బయటపడ్డాయి. ఆ బౌద్ధానికి మూలపురుషుడైన బుద్ధుడి కాలంలోనే మక్ఖలి గోశాలుడు అనే ఆజీవక గురువు ఉండేవాడు. అంతా నియతి ప్రకారమే జరుగుతుంది, మనిషి ప్రయత్నానికి విలువ లేదు అన్నది ఆయన బోధ. సమకాలికుల వాదాలన్నిటిలో దీన్నే బుద్ధుడు అధమంగా ఎంచాడని పాలి గ్రంథాలు చెబుతాయి. చేసినా చేయకపోయినా ఒకటే అనుకున్నాక మంచి చేయడానికీ చెడు మానడానికీ కారణమే మిగలదు కదా.

అంటే తలరాత మీద భారం వేసి చేతులు దులుపుకోవడం భారతీయుల సనాతన స్వభావం అని చెప్పేవాళ్లు, అటు పొగిడేవాళ్లయినా ఇటు తిట్టేవాళ్లయినా, పుస్తకాలు సరిగ్గా తిరగేయలేదు. మనలో ఆ వాదం ఉన్నమాట నిజం. దానితో తలపడిన వాదం అంతకన్నా బలంగా ఉంది.

పడమటి తత్వవేత్తల దగ్గరికి వెళ్లినా దారి ఇక్కడికే వస్తుంది. దేవుడు సర్వశక్తిమంతుడూ దయామయుడూ అయితే లోకంలో ఇంత చెడు ఎందుకుంది, ఈ మూడూ ఒక్కచోట ఇమడవు కదా అని 1955లో జె.ఎల్. మాకీ వాదించాడు. దానికి ఆల్విన్ ప్లాంటింగా 1970లలో ఇచ్చిన జవాబు ఇప్పటికీ ఆస్తికుల చేతిలో ఉన్న గట్టి ఆయుధం. మనిషికి నిజమైన స్వేచ్ఛ ఇవ్వాలంటే తప్పు చేసే స్వేచ్ఛ కూడా ఇవ్వాలి, ఆ స్వేచ్ఛను చెడగొట్టుకున్నది మనిషే అన్నది దాని సారం. ఈ జవాబును ఒప్పుకున్న భక్తుడు ఇంకో అడుగు వేయక తప్పదు. చెడు మనిషి స్వేచ్ఛలోంచి వచ్చిందంటే ఊడ్వని దుమ్ముకు, వాయిదా వేసిన మరమ్మతుకు, చూసీ చూడని తనిఖీకి లెక్క చెప్పాల్సింది మనిషే. దేవుణ్ని నిర్దోషిగా నిలబెట్టే అత్యుత్తమ వాదం కూడా బిల్లును ఫ్యాక్టరీ అడ్రసుకే పంపుతుంది. దేవుడు మంచివాడనీ, ప్రమాదం దేవుడు రాసిందనీ, ఎవరి తప్పూ లేదనీ మూడూ ఒకే నోటితో అనడం కుదరదు.

ఇంకో ఇబ్బంది ఉంది, ఇది తర్కం కన్నా మనసును ఎక్కువ తొలుస్తుంది. ఏ ప్రమాదం తర్వాతయినా సెలవు పెట్టి బతికినవాళ్లు, బస్సు తప్పి షిఫ్టుకు ఆలస్యమైనవాళ్లు ఉంటారు. దేవుడే కాపాడాడని వాళ్లు అనుకోవడం సహజం. పక్కింట్లో శవం కోసం ఎదురుచూస్తున్నవాళ్ల చెవిన అదే మాట పడితే దాని అర్థం మారిపోతుంది. వాళ్ల మనిషిని ఎందుకు కాపాడలేదు? ఏ పాపం చేశాడని? దైవ ప్రణాళిక మీద నమ్మకం వినయంగా ఉన్నంతసేపు ఫరవాలేదు. ఫలానా ఘటన ఫలానా కారణంతో దేవుడు చేశాడని ఎవరో ఆ ప్రణాళికను చదివి వినిపించడం మొదలుపెట్టగానే అది క్రూరంగా తయారవుతుంది.

మహాత్ముడు కూడా ఈ గోతిలో పడ్డాడు. 1934 జనవరి 15న బిహార్‌ను భూకంపం కుదిపేసింది, వేల ప్రాణాలు పోయాయి. అప్పుడు హరిజన యాత్రలో దక్షిణాదిన తిరుగుతున్న గాంధీ, అంటరానితనం అనే పాపానికి ఇది దేవుడు వేసిన శిక్ష అన్నారు. అంటరానితనం మీద గాంధీతో ఏకీభవించే రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ మాటకు నివ్వెరపోయారు. భౌతికమైన ఉత్పాతానికి భౌతికమైన కారణాలే ఉంటాయని, ప్రకృతి ఘటనలకు నీతిని అంటగడితే ఇదే తర్కాన్ని ఎదుటిపక్షం కూడా తమకు అనుకూలంగా వాడుకుంటుందని ఆయన హెచ్చరించారు. ఆ ఉత్తరాన్ని గాంధీ తన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చువేసి, తన జవాబునూ దాని పక్కనే వేశారు. జవాబులో వెనక్కి తగ్గలేదు. తప్పు వాదాన్ని ఎంత మర్యాదగా నడపవచ్చో చూపినందుకు గాంధీని మెచ్చుకోవచ్చు గానీ, ఆ వాదంలో గెలిచింది ఠాగూరే. శిక్ష అంటరానితనాన్ని పాటించినవాళ్లకే పడాలి కదా, దాన్ని అనుభవించినవాళ్ల గుడిసెలు కూడా ఎందుకు కూలాయి?

తెలుగునాట ఈ వాదాన్ని చివరికంటా తీసుకుపోయినవాడు గోరా, గోపరాజు రామచంద్రరావు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆయన స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. దేవుడు లేడని నిరూపించడం కన్నా మనిషి స్వతంత్రుడని ఒప్పించడం మీదే ఆయనకు పట్టుదల ఎక్కువ. నాస్తికత్వమంటే మనిషి స్వేచ్ఛాసంకల్పం వ్యక్తం కావడమేనని ఆయన చెప్పేవారు. దేవుడి మీద భారం వేసే అలవాటు మనిషిని బానిస చేస్తుందన్నది ఆయన ఫిర్యాదు. గాంధీతో కూర్చుని ఇదంతా చర్చించి ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ అనే పుస్తకం రాశారు. 1951లో వచ్చిన ఆ చిన్న పుస్తకం ఇవాళ టీవీ చర్చల్లో గొంతు చించుకునే ఆస్తిక, నాస్తిక పక్షాలు రెండూ చదవదగ్గది.

గోరా నిర్ధారణ మాత్రం పూర్తిగా నిలబడదు. భారం వేయడం, చేతులు ముడుచుకోవడం ఒకటే అయితే మెదక్ చర్చి లేచేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కరువులో అన్నం కోసం వచ్చినవాళ్లకు పని కల్పించి, పనికి తిండి పెట్టి చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ గుడిని కట్టించారు. 1914లో మొదలైన పని 1924 క్రిస్మస్ రోజు ప్రతిష్ఠతో ముగిసింది. కరువు దేవుడి చిత్తమని ప్రార్థన చేసి ఊరుకోవడానికి పాద్రీగా ఆయనకు అవకాశం లేకపోలేదు. నమ్మకం చేతులు కట్టేస్తుందా, పనికి పురమాయిస్తుందా అన్నది ఆ నమ్మకం పట్టుకున్న మనిషిని బట్టి ఉంటుంది.

తత్వవేత్తలు తేల్చలేని ఈ సంగతిని మన సుప్రీంకోర్టు ఒక రంగంలో ఏనాడో తేల్చేసింది. 1985 డిసెంబరులో, భోపాల్ విషవాయువు దుర్ఘటనకు ఏడాది నిండగానే, ఢిల్లీలోని శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకైంది. ప్రమాదకరమైన వస్తువును తెచ్చిపెట్టుకున్నవాడు నష్టానికి జవాబుదారీ అని ఇంగ్లండులో 1868 నుంచీ ఒక సూత్రం ఉంది. దానికి కొన్ని మినహాయింపులున్నాయి, అందులో దైవ ఘటన ఒకటి. 1986 డిసెంబరు 20న ఎం.సి. మెహతా కేసు తీర్పులో జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వంలోని ధర్మాసనం ఆ మినహాయింపులేవీ మన దేశంలో ప్రమాదకర పరిశ్రమలకు వర్తించవని చెప్పింది. లాభం కోసం అలాంటి పరిశ్రమ నడిపేవాడు పూర్తి బాధ్యత మోయాల్సిందే, ఎంత జాగ్రత్త తీసుకున్నామన్నది కూడా సాకు కాదు. పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి, గడ్డపోతారం వాడల్లో ప్రమాదకరమైన రసాయనాలతో నడిచే ప్రతి ఫ్యాక్టరీ ఈ సూత్రం కిందికే వస్తుంది. బొంతపల్లిలో వీరభద్రస్వామి గుడి ఉంది, ఆ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలూ ఉన్నాయి. స్వామికి మొక్కుకునే హక్కు యజమానికీ కార్మికుడికీ సమానమే. ఆ స్వామిని సాక్షిగా కోర్టుకు పిలిచే హక్కు మాత్రం యజమానికి లేదు.

2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లమీద పడి 12 మంది చనిపోయినప్పుడు, మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు జమ చేయమని ఆదేశించింది. సూత్రం ఉంది, దాన్ని వాడవచ్చని నిరూపణా ఉంది.

ఇక స్వేచ్ఛ సంగతి. మనిషికి స్వేచ్ఛాసంకల్పం ఉందా లేదా అని అడిగేవాళ్లు అది ఎవరికి ఎంత ఉందో కూడా అడగాలి. తెల్లాపూర్‌లో ఇల్లు నచ్చకపోతే నల్లగండ్లలో చూసుకోవచ్చు. కంట్రాక్టరు మాట మీద బిహార్ నుంచి రైలెక్కి వచ్చిన కుర్రాడికి షిఫ్టు నచ్చకపోతే ఏ దారి ఉంది? యంత్రం చప్పుడు తేడాగా ఉందని అతనికి తెలుసు, చెబితే రేపటి నుంచి రానక్కర్లేదంటారనీ తెలుసు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు ఈ సంగతి పార్లమెంటుకు తట్టింది. ప్రాణాపాయం ఉందని అనుమానం వస్తే కార్మికుడు దాన్ని యాజమాన్యం దృష్టికి, తనిఖీ అధికారి దృష్టికి తీసుకెళ్లే హక్కును 41హెచ్ సెక్షన్‌గా చేర్చారు. ఫ్యాక్టరీలో ఏయే ప్రమాదాలున్నాయో కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలని 41బి సెక్షన్ పెట్టారు. చట్టం ఇచ్చిన స్వేచ్ఛ భాష తెలియని, సంఘం లేని, కంట్రాక్టు కార్మికుడి నాలుక దాకా రావాలంటే ఎవరో ఒకరు తేవాలి.

సెప్టెంబరు 17న ఈ వాడల్లో ఉత్తరాది, ఒడిశా కార్మికులు విశ్వకర్మ పూజ చేస్తారు. దసరాకు మనవాళ్లు ఆయుధ పూజ చేస్తారు. మిషన్లకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టే ఆ రోజుల్లో యజమానులు ఇంకో పని చేయవచ్చు. చివరి భద్రతా తనిఖీ ఎప్పుడు జరిగింది, అందులో ఏ లోపాలు దొరికాయి, వేటిని సరిచేశారు, వేటిని చేయలేదు అన్నవి తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీల్లో గేటు ముందు బోర్డు మీద రాసిపెట్టాలి. ఫిర్యాదు చేయడానికి ఫ్యాక్టరీల శాఖ ఫోను నంబరు దాని కింద ఉండాలి. అది రాయడానికి ఇష్టపడని యాజమాన్యం చేత జిల్లా యంత్రాంగం రాయించాలి. పాశమైలారం మీద వేసిన కమిటీల నివేదికలను కూడా ప్రభుత్వం మొత్తంగా, అందరూ చదివే భాషలో బయట పెట్టాలి.